పరదేశపు పళ్ళెములో మన బియ్యము

(మన సంఘ మాసిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము చెప్పబూనిన విషయము కొందరికి వింతగా తోచవచ్చును. పదవ తరగతితో చదువు చాలించి, బియ్యపు వ్యాపారమున స్థిరపడిన మావంటి వారికి జపాను వంటకములతో పనియేమియని నవ్వుకొనవచ్చును. అయినను గత సమావేశమున మన మధ్య పుట్టిన వివాదము ఈ విషయమును గురించినదే. అందులో మేమొక పక్షమున నిలిచి గట్టిగా మాటలాడినవారము. అందుచేత పిమ్మట మాకు తెలిసిన నిజమును కూడ అంతే గట్టిగా చెప్పుట మా విధి.

జరిగిన సంగతి మీరెరుగుదురు. రాబోవు కార్తిక వనభోజనమునందు తామొక బల్ల వేసికొని, సుషీయు నూడుల్సును చేసి వడ్డించెదమని మన యువకులు అనుమతి కోరిరి. అప్పుడు మేము లేచి, “ఇది తెలుగువారి వనభోజనము, పరదేశపు తిండ్లకు ఇందులో చోటు లేదు” అంటిమి. పెద్దలు చప్పట్లు కొట్టిరి. తీర్మానము నెగ్గినది. ఆ నాటినుండి ఏమి జరుగుచున్నదో ఈ సభ వెనుక వరుసలవైపు ఒక్కసారి తిరిగి చూచినచో తెలియును. ప్రతి ఉగాదికి నడుము కట్టుకొని వడ్డన చేసెడి పిల్లలు నేడు కనబడుట లేదు.

ఆ తీర్మానమైన కొలది దినములకే మా మేనల్లునికి హైదరాబాదులో ఉద్యోగము దొరికినది. మొదటి జీతము చేతికి రాగానే మా కుటుంబమునంతను భోజనమునకు పిలిచెను. మా తల్లిగారు, మా అక్కయ్య, మేము, మా ఇంటివారు, పిల్లలు కలిసి శక్తినగరు దగ్గర కృష్ణానదిని దాటి, మక్తల్, మహబూబునగరముల మీదుగా హైదరాబాదు చేరితిమి. ఆతడు మమ్ములను తీసికొనిపోయినది ఆసియా దేశముల వంటకములను కలగలిపి వడ్డించెడి ఒక హోటలు. ఇట్టి భోజనమునకు ‘ఫ్యూజన్’ అని పేరట. థాయిలాండు పులుసు, కొరియావారి ఊరవేసిన క్యాబేజీ, చైనావారి ఆవిరి కుడుములు, జపానువారి సుషీ, అన్నియు ఒకే పట్టికలో నుండెను. తందూరీ పన్నీరు లోపల పెట్టి చుట్టిన సుషీ కూడ ఉండెను! దానిని చూచి మేము పెదవి విరిచితిమి.

పళ్ళెము వచ్చినది. చిన్న చిన్న అన్నపు ముద్దలు. కొన్నింటిమీద చేపముక్క, కొన్నింటిమీద దోసకాయ ముక్క. మరికొన్ని నల్లని ఆకులో చుట్టి కోసిన బిళ్ళలు. సముద్రపు నాచును కాగితమువలె పలుచగా ఆరబెట్టి ఆ ఆకును చేయుదురట. ప్రక్కన చిటికెడు పచ్చని ముద్ద యుండగా, గోంగూర పచ్చడి కాబోలునని మేము మొత్తము నోట వేసికొంటిమి. అది వసాబీ. కండ్ల నీరు కారినది, ముక్కు మండిపోయినది, పిల్లలు నవ్విరి. గుంటూరు మిరపకాయను లెక్కచేయని మా నోరు ఆ గోళీకాయంత ముద్దకు ఓడిపోయినది.

మా తల్లిగారు చాలసేపు పళ్ళెమును ముట్టలేదు. వారు శాకాహారులు. మనుమడు దోసకాయ చుట్టలు వేరుగా తెప్పించి, “అమ్మమ్మా, ఇందులో చేప లేదు, ఉత్త అన్నమే” అని బ్రతిమాలగా, పుల్లలను ప్రక్కకు నెట్టి చేతితో ఒక ముక్క తీసికొనిరి. మేము సిగ్గుపడి చుట్టుప్రక్కల చూచితిమి. ఎదుటనే నిలిచి సుషీ చేయుచున్న వంటవాడు డార్జిలింగు ప్రాంతపు యువకుడు. ఆతడు చిరునవ్వుతో, జపానులో కూడ ముద్ద సుషీని చేతితో తినుట ఆచారమేనని హిందీలో చెప్పెను. మా తల్లిగారు నమలి, కొంత ఆలోచించి, “ఒరే నాయనా, ఇది పులిహోర చేసినట్టే చేసినారు కదరా, తాలింపు ఒకటి మరిచిపోయినారు” అనిరి.

ఆ మాట విని మేము నవ్వితిమి గాని, వంటవాడు నవ్వలేదు. ఆమె అడుగగా అన్నము చేయు విధమంతయు విప్పి చెప్పెను. బియ్యమును నీరు తేటపడువరకు పలుమార్లు కడుగవలెను. నానవేసి, కొలతగా నీరు పోసి వండవలెను. వేడి అన్నమును వెడల్పైన కొయ్య తొట్టిలో పరచి, పంచదారయు ఉప్పును కలిపిన బియ్యపు సిర్కాను పైన చల్లి, మెతుకు మెదగకుండ గరిటెతో కోసినట్లు కలుపుచు విసనకఱ్ఱతో విసరవలెను. మా తల్లిగారు ఒక్కొక్క మాటకు తల ఊపుచుండిరి. మన ఇండ్లలో పులిహోరకు అన్నమును వెడల్పైన పళ్ళెములో ఆరబోసి, మెతుకు విరుగకుండ పసుపు, నూనె, చింతపండు పులుసు పట్టించుట ఇట్టిదే గదా! పులుపు అన్నమును చెడకుండ కాపాడునని మన అవ్వలకు తెలియును. అందుచేతనే ప్రయాణమునకు పులిహోర కట్టుకొందురు. సిర్కా అన్నములోని మర్మమును అదియే.

ఆ కూర్పునకు మనసు మెత్తబడవలసినది. మాకు మాత్రము బిల్లు రాగానే కోపము వచ్చినది. ఆ మొత్తము ఒక క్వింటాలు మంచి బియ్యపు వెలను మించినది. నలుగురు వినుచుండగా మేనల్లునితో, “రాయచూరు అన్నం తిని పెరిగినవాడివి, పరదేశపు పిడికెడు అన్నానికి ఇంత పోస్తావా? మన తిండి మరిచిపోయినావా?” అంటిమి. వాడు మారు మాట పలుకలేదు. తన మొదటి జీతముతో పెట్టిన విందు అది. తిరుగు ప్రయాణమున మా అక్కయ్య మాతో మాటలాడలేదు. “వాడి అన్నం తిని వాణ్ణే అంటివి” అని మా తల్లిగారు ఒక్క మాట మాత్రము అనిరి.

కొన్ని దినములైన తరువాత ఇక్కడి వ్యవసాయ విజ్ఞాన విశ్వవిద్యాలయమున పనిచేయు మిత్రుడొకరు మా దుకాణమునకు వచ్చిరి. మాటలలో ఈ సంగతి చెప్పి, “మన సోనా మసూరి ఉండగా వారి జిగురు బియ్యముతో మనకేమి పని?” అంటిమి. ఆయన ఒక బస్తామీద చేయి వేసి, “ఈ మసూరి ఎక్కడిదో ఎరుగుదువా?” అని అడిగెను. మసూరి యనగా మైసూరు పేరే మారి వచ్చినదని ఇన్నేండ్లు నమ్మితిమి, అదే చెప్పితిమి. ఆయన నవ్వి చెప్పిన వృత్తాంతమును ఉన్నదున్నట్లు మీ ముందు పెట్టుచున్నాము.

1950ల దశకమున ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రోత్సాహముతో, కటకములోని కేంద్ర వరి పరిశోధనాలయమున, మన దేశములవంటి ఉష్ణదేశపు వరులను జపాను జాతి వరులతో సంకరము చేయు మహత్కార్యము జరిగినది. అందులో మలయా దేశపు మయాంగ్ ఎబోస్ అను వరికిని, తైచుంగ్ 65 అను వరికిని కూడిక చేసిరి. ఈ తైచుంగ్ 65 తైవాను ద్వీపము జపాను ఏలుబడిలో నున్న కాలమున, 1920ల దశకములో, రెండు జపాను వరుల కలయికచే పుట్టినది. ఆ కూడిక సంతతినుండి మలేసియాలో ఏరి, 1965లో విడుదల చేసిన వరికి మహ్సూరి అని పేరు పెట్టిరి. లంకావీ ద్వీపపు జనుల కథలలో వినబడు ఒక స్త్రీ పేరు అది. ఆ మహ్సూరియే మన నోట మసూరి యైనది. బాపట్ల పరిశోధనా స్థానమువారు ఆ మహ్సూరి రక్తమును కలిపి 1986లో విడుదల చేసినదే బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి. సింధనూరు, మాన్వి ప్రాంతములలో మన రైతులు ‘బీపీటీ’ అని పిలుచు ధాన్యము అదియే. బి.పి.టి. యనగా బాపట్ల.

సోదరులారా! ఆ మాట విన్నప్పుడు మాకు కలిగిన సిగ్గు ఇంతంత కాదు. ఎన్ని వేల బస్తాలు తూచితిమో! ఎన్ని పర్యాయములు ‘మన సోనా మసూరి’ యని గర్వముగా పలికితిమో! ఆ గింజకు ఒక ముత్తాత జపాను దేశమువాడు. పుట్టిల్లు మలేసియా, పెరిగినది బాపట్ల, కాపురము తుంగభద్ర ఎడమ కాలువ క్రింద. హోటలులో మేము ‘పరదేశపు అన్నము’ అని తూలనాడిన దానికి మా గోదాములోని బియ్యమునకు చుట్టరికమున్నది. మా మేనల్లుడు మన తిండిని మరచిపోలేదు. ఎరుగనివారము మేమే.

ఇక సుషీ సంగతి. పచ్చి చేపయే సుషీ యని మనలో చాలమంది తలంచుచున్నారు. అది పొరపాటు. అన్నము లేకుండ వడ్డించు పచ్చి చేపకు సాషిమీ యని వేరు పేరున్నది. సుషీకి ప్రాణము పులిసిన అన్నము. పూర్వము చేపను ఉప్పులో ఊరవేసి, వండిన అన్నములో కూరి, నెలల తరబడి బరువు పెట్టి ఉంచెడివారు. అన్నము పులిసి చేపను చెడకుండ కాపాడెడిది. తరువాత ఆ అన్నమును పారవేసి చేపను తినెడివారు. ఈ పద్ధతి ఆగ్నేయాసియా వరి పొలముల దరి పుట్టినదని పండితులు చెప్పుదురు. జపానులో బివా సరస్సు దరి నేటికిని ఇట్లు చేయువారున్నారు. కాలక్రమమున పులియు గడువు తగ్గి, అన్నమును కూడ తినుట అలవాటై, పిమ్మట సిర్కాతోనే పులుపు తెచ్చుట వచ్చినది. నేటి టోక్యోకు పూర్వనామమైన ఎడో నగరమున, 1820ల దశకములో, హనాయా యోహేయి అను వర్తకుడు చేతితో ముద్ద పట్టి పైన చేప పెట్టి అమ్ముట ప్రసిద్ధికి తెచ్చెనని చెప్పుదురు. అది ఆనాడు వీధి బండ్లమీద నిలుచుండి తిను తిండి. మన ఊరి బండిమీది వగ్గాణి, మిరపకాయ బజ్జీ వంటిది. నేడు వెల పెరిగినంత మాత్రమున దాని పుట్టుక మారదు.

కలగలుపు వంటల సంగతియు అట్టిదే. నోబు మత్సుహిస అను జపాను వంటవాడు 1970ల దశకమున దక్షిణ అమెరికాలోని పెరూ దేశమునకు పోయి, అక్కడి నిమ్మ, మిరప, కొత్తిమీరలతో తన దేశపు చేపను వండ నేర్చెను. 1987లో అమెరికాలో హోటలు తెరచి లోకప్రసిద్ధుడయ్యెను. మన దేశమున కలకత్తాలో పుట్టిన చైనా సంతతివాడు నెల్సన్ వాంగ్, 1975లో బొంబాయిలో అల్లము, వెల్లుల్లి, పచ్చిమిరపలతో సోయా పులుసు కూర్చి మంచూరియా వంటకమును సృష్టించెను. మంచూరియాలో దానినెవరు ఎరుగరు. దాని తమ్ముడైన గోబీ మంచూరియాను సాయంకాలమున తిననివారు మన రాయచూరులో ఎందరు? కర్ణాటక ప్రభుత్వము 2024 మార్చిలో దానియందు కృత్రిమపు రంగులు వాడరాదని నిషేధించినప్పుడు, పత్రికలు చదివి ఎక్కువగా కలవరపడినది మన ఇండ్లలోనే గదా!

ఊరు విడిచి పోయినవాడు క్రొత్త మన్ను ఇచ్చినదానితో పాత రుచిని వెదకుకొనును. అదియే కలగలుపు వంట. మన తాత ముత్తాతలు చేసినదియు అదియే. మనలో కొందరు నిజాము కాలమునుండి ఈ దోఆబు నేలను నమ్ముకొన్నవారు. కొందరు 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియై కాలువ నీరు పారిన తరువాత కోస్తా జిల్లాలనుండి వచ్చి, సింధనూరు తాలూకాలో క్యాంపులు కట్టుకొన్నవారు. 1956 నవంబరు 1వ తేదీన ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రమునుండి మైసూరు రాష్ట్రమున కలిసినది. మనము కదలలేదు, రాష్ట్రమే మన మీదుగా జరిగినది. మన పొయ్యి మాత్రము అన్ని పొరుగుల రుచిని చేర్చుకొనుచునే యున్నది. బియ్యమే తినెడివారి పిల్లలు జొన్నరొట్టె తట్ట నేర్చిరి. మన గోంగూర పొరుగింట పుండీపల్య. మన గుత్తివంకాయ వారికి బదనెకాయి ఎణ్ణెగాయి. అనంతపురము ఉగ్గాని ఇక్కడ వగ్గరణె. ఇందులో ఏది ఎవరిదని గీత గీయగలవారెవరు?

అట్లని మన తిండికి విలువ లేదని మేము చెప్పుట లేదు. భయపడవలసినది వేరొకటి యున్నది. ఆ వంటవాడు తన అన్నము సంగతి బియ్యము కడుగుట మొదలుకొని విసనకఱ్ఱ వరకు చెప్పగలిగెను. మా తల్లిగారు తమ పులిహోర సంగతి చెప్పగలిగిరి. వారిద్దరి నడుమ కూర్చున్న మేము మాత్రము, బియ్యమమ్ముకొని బ్రతుకుచుండియు, రెండును చెప్పలేకపోతిమి. మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు, బడిలో కన్నడము చదువుదురు, ఉద్యోగమున ఆంగ్లము వ్రాయుదురు. ఈ పత్రికను చదివి చెప్పుమని అవ్వ అడిగినచో తడబడు పిల్లలు ఎందరో మీ ఇండ్లలోనే లెక్కించుకొనుడు. సుషీ బల్ల వేసినందువలన తెలుగుదనము పోదు. పిల్లలు సభకు రాకుండ మానినచో పోవును.

కొన్ని జాగ్రత్తలు కూడ చెప్పుట మంచిది. పచ్చి చేప మన యెండలలో ఆటలు కాదు. పురుగులు చచ్చుటకు సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో ఏడు దినములు గడ్డకట్టించి యుంచవలెనని నిపుణులు చెప్పుదురు. ఆ చలి సూక్ష్మక్రిములన్నింటిని చంపదు. కనుక గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, రోగులు పచ్చిదానికి దూరముగా నుండవలెను. శాకాహారులు ఇంకొకటి గమనింపవలెను. జపానువారి సోయా గుజ్జు పులుసులో తరచుగా ఎండుచేప కషాయము కలియును. కంటికి కూరగాయలు మాత్రమే కనబడినను, అడిగిన తరువాతనే త్రాగవలెను. అడుగుటకు సిగ్గుపడవద్దు, మా తల్లిగారు పడలేదు.

ఇక మా విన్నపము. గత సమావేశపు తీర్మానమునకు మేము ఇచ్చిన మద్దతును ఉపసంహరించుకొనుచున్నాము. దానిని పునఃపరిశీలింపుడని కోరుచున్నాము. కార్తిక వనభోజనమున యువకులు తమ బల్ల వేసికొందురు గాక. మన ఆచారము ప్రకారము అందు మాంసము, చేప ఉండరాదు. దోసకాయ, క్యారెట్టు చాలును. వారికి ఒక్క షరతు మాత్రము పెట్టుదము. బల్లయొద్ద నిలుచు ప్రతి యువకుడు, యువతి తమ ఇంటి పెద్దలనడిగి ఒక వంటకము చేయు విధమును స్వహస్తముతో తెలుగులో వ్రాసి తీసికొనిరావలెను. తప్పులున్నను సరియే. వానిని వారమునకొకటి చొప్పున ఈ పత్రికలో అచ్చు వేయుదము. అవ్వ చెప్పగా మనుమడు వ్రాసిన పులిహోరకంటె మంచి తెలుగు పాఠము ఏ బడిలో దొరకును?

మా ఇంటి సంగతి చెప్పి ముగించెదము. మేనల్లునికి టెలిఫోను చేసి, “నాదే తప్పు నాయనా” అంటిమి. వాడు కొంచెమాగి, “మామా, ఇంట్లో మన బియ్యంతో చేసి చూసినా, చుట్ట నిలబడలేదు, మెతుకులు విడిపోయినాయి” అనెను. మాకు నవ్వు వచ్చినది. వాడు వాడినది ఏడాది పాత బియ్యము. పొడిపొడిగా ఉడుకునని మనము ఎక్కువ వెల పెట్టి కొనునది అదియే. క్రొత్త బియ్యము ముద్దగా నగునని వర్తకులము వెల తగ్గింతుము. చుట్ట నిలుచుటకు ఆ ముద్దతనమే కావలెను. ఈ వారమే మరపట్టిన క్రొత్త బియ్యము పది కిలోల సంచి వాని పేర పంపితిమి. జపాను బియ్యమంత జిగట రాదు గాని, పాతదానికంటె నయము.

నిన్న వాని జాబు వచ్చినది. చుట్ట నిలిచినదట. లోపల మామిడికాయ తురుము పెట్టినాడట. కార్తికమునకు వచ్చి తానే చేసి వడ్డించెదనని వ్రాసినాడు. ఆ జాబు తెలుగులోనే యున్నది. నాలుగు పంక్తులు, అందు మూడు తప్పులు. మా తల్లిగారు దానిని రెండుమార్లు చదివించుకొని, కొంగున ముడివేసికొనిరి.